ఎండ కొండల నడుమ సరస్సు ఒడ్డున క్యాంపింగ్: డెల్ వాయేతో మొదలుపెట్టేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉండే తెలుగు కుటుంబాలు మొదటిసారి టెంట్ కొనగానే యోసెమిటీ గురించే ఆలోచిస్తాయి. అక్కడ టెంట్ వేసుకునే సైట్ దొరకడమే గగనం. దొరికినా నాలుగు గంటల ప్రయాణం, ఎలుగుబంట్ల భయం, పిల్లలకు చలి. మొదటి క్యాంపింగ్‌కు నేనైతే లివర్‌మోర్ దాటి పది మైళ్ళు దక్షిణంగా ఉన్న డెల్ వాయే సరస్సుకే వెళ్ళమంటాను. ఏదైనా మర్చిపోయినా, పిల్లాడికి జ్వరమొచ్చినా, అర్ధరాత్రి ఇక చాలనిపించినా గంటలో ఇల్లు చేరొచ్చు.

అయితే ఈ చోటు చూసినంత సులువు కాదు. ఐదు మైళ్ళ పొడవున నీళ్ళు కనిపించేసరికి ఇంకేం, చల్లగా ఉంటుందనుకుంటారు. నిజానికిది ఎండు కొండల మధ్య, 1968లో డ్యామ్ కట్టి నిలిపిన నీరు. డయాబ్లో కొండల వరసలో మే నుంచి అక్టోబరు దాకా వాన చుక్క పడటం అరుదు. కొండల మీద గడ్డి మే నెలాఖరుకే ఎండి పసుపుపచ్చగా మారుతుంది. కాబట్టి ఇక్కడ సామాను సర్దుకోవడమైనా, సైట్ ఎంచుకోవడమైనా నీళ్ళను చూసి కాదు. నీడను, నేలను, గాలిని, నిప్పును చూసి చేయాలి. ఈ నాలుగూ కుదిరితే సరస్సు దగ్గర హాయిగా గడుస్తుంది.

ముందు నెల తేల్చుకోండి

మార్చి నుంచి మే మొదటి వారాల దాకా మేలైన కాలం. కొండలు పచ్చగా ఉంటాయి, నారింజ రంగు పాపీలు, ఊదా రంగు లూపిన్లు పూస్తాయి, పగలు నడవడానికి వీలుగా ఉంటుంది. రాత్రి మాత్రం 40ల ఫారన్‌హీట్‌లోకి దిగిపోతుంది, దానికి తగ్గట్టు సర్దుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం 100 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, దాటే రోజులుంటాయి. రాయలసీమ ఎండ చూసినవాళ్ళం మాకేంటి అని కొందరంటారు. అక్కడ ఆ ఎండలో మనం ఇంట్లో ఫ్యాన్ కింద ఉంటాం, ఇక్కడ నైలాన్ టెంట్ పక్కన కుర్చీలో ఉంటాం. అదీ తేడా.

పిల్లలకు సెలవులు వేసవిలోనే కాబట్టి అప్పుడే వెళ్ళక తప్పదనుకుంటే, శుక్రవారం సాయంత్రం చేరి ఆదివారం ఉదయం పది లోపు బయటపడేలా చూసుకోండి. రెండు మధ్యాహ్నాల బదులు ఒక్క మధ్యాహ్నమే భరించాలి. అక్టోబరు కూడా బాగుంటుంది. లేబర్ డే తర్వాత చలికాలం వరదకు చోటు ఉంచడానికి నీటిమట్టం తగ్గిస్తారు కాబట్టి ఒడ్డున బురద కాస్త ఎక్కువగా ఉంటుంది.

సైట్ బుక్ చేసేటప్పుడు

ఈ పార్కును ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్ నడుపుతుంది. బుకింగ్ వాళ్ళ ద్వారానే. మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే వారాంతాలు తెరిచిన కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి. మామూలు వారం మధ్యలో అయితే ఖాళీలుంటాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క సైట్లు విడివిడిగా తీసుకోండి. ఒక్కో సైట్‌కు ఎంతమంది, ఎన్ని కార్లు అన్న పరిమితి బుకింగ్ పేజీలోనే ఉంటుంది. ఒకే సైట్‌లో అందరం సర్దుకుందాం అనుకుంటే రేంజర్ వచ్చి మర్యాదగానే బయటికి పంపుతాడు.

సైట్ మ్యాప్‌లో అందరూ నీళ్ళకు ఎంత దగ్గర అని చూస్తారు. మీరు పడమర ఎటో చూడండి. ఉదయపు ఎండ తొమ్మిదింటి దాకా పెద్దగా బాధించదు. చంపేది మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా కొట్టే ఎండ, అది పడమటి నుంచి ఏటవాలుగా వస్తుంది. అంటే టెంట్‌కు, బల్లకు పడమటి వైపు చెట్టు ఉండాలి. తూర్పు వైపు ఎంత పెద్ద చెట్టున్నా సాయంత్రం దాని నీడ పక్కవాళ్ళ సైట్‌లో పడుతుంది. గూగుల్ శాటిలైట్ మ్యాప్ తెరిచి సైట్ నంబరుతో పోల్చి చూస్తే ఇది ఐదు నిమిషాల పని.

రెండో సంగతి, పల్లం. క్యాంప్‌గ్రౌండ్ సరస్సు దక్షిణపు కొసన, వాగు వెంబడి ఉంది. రాత్రి కొండల మీది చల్లగాలి బరువెక్కి కిందికి జారి వాగు దగ్గరే నిలుస్తుంది. వసంతంలో వెళ్తే వాగు అంచు సైట్ కంటే కాస్త మిట్టగా ఉన్నదే వెచ్చన. ఎండాకాలంలో అయితే ఆ పల్లపు సైటే నయం.

టాయిలెట్‌కు మరీ దగ్గర వద్దు. రాత్రంతా లైటూ, తలుపు చప్పుడూ. మరీ దూరమూ వద్దు, చిన్న పిల్లలుంటే అర్ధరాత్రి ఆ నడక మీదే పడుతుంది.

సర్దుకోవాల్సినవి

పూర్తి జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ చోటికి ప్రత్యేకంగా కావలసినవి మాత్రమే చెబుతాను.

ఇనుప మేకులు, చిన్న సుత్తి. టెంట్‌తో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు ఈ నేలలో వంగిపోతాయి, ప్లాస్టిక్‌వి విరిగిపోతాయి. పది అంగుళాల ఇనుప మేకులు హార్డ్‌వేర్ షాపులో ఎనిమిది కొనండి.

నీడకు పందిరి. నాలుగు కాళ్ళ పాప్‌అప్ క్యానోపీ అయినా సరే, టార్పాలిన్, తాళ్ళు అయినా సరే. క్యానోపీ తెచ్చేవాళ్ళు దాని కాళ్ళకు బరువు కట్టడానికి నీళ్ళ క్యాన్లు కూడా తెచ్చుకోవాలి. లేకపోతే మధ్యాహ్నం గాలికి అది పక్క సైట్ చేరుతుంది.

నీళ్ళు. క్యాంప్‌గ్రౌండ్‌లో తాగునీటి కుళాయిలున్నాయి, కానీ మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు, లెక్కన సైట్ దగ్గరే నిల్వ ఉంచుకోండి. ప్రతిసారీ కుళాయి దాకా నడవాలంటే పిల్లలు తాగరు, అడిగితే దాహం లేదంటారు. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి రెండు సీసాలు కూలర్‌లో పెడితే వాళ్ళే వెతుక్కుని తాగుతారు.

కింద పరుచుకోవడానికి మ్యాట్. స్లీపింగ్ బ్యాగ్ మీద వంద డాలర్లు పెట్టి, మ్యాట్ మీద పది డాలర్లు పెడతారు చాలామంది. రాత్రి ఒంట్లోని వేడిని గుంజుకునేది నేల. మామూలు గాలి పరుపు ఇంట్లో మెత్తగానే ఉంటుంది, ఇక్కడ దాని లోపలి గాలి చల్లబడి వీపు కింద మంచులా తగులుతుంది. నురుగు మ్యాట్ గానీ, ఆర్ విలువ (వేడి నేలలోకి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) మూడు పైన ఉన్న గాలి మ్యాట్ గానీ తీసుకోండి. గాలి పరుపే ఉంటే దాని మీద దళసరి బొంత పరచండి.

ఇంకా, మనిషికొక హెడ్‌ల్యాంప్, ట్వీజర్, మడమ మూసిన బూట్లు. ఈ గడ్డి ముళ్ళు మేజోళ్ళలోంచి దిగిపోతాయి కాబట్టి చెప్పులతో తిరిగేవాళ్ళకు సాయంత్రమంతా ముళ్ళు ఏరుకోవడమే పని.

దారిలో

శనివారం ఉదయం బయల్దేరే తెలుగువాళ్ళలో సగం మంది లివర్‌మోర్ గుడికి వెళ్ళి, శివ విష్ణువుల దర్శనం చేసుకుని ప్రసాదం తిన్నాకే కొండెక్కుతారు. తప్పేం లేదు. కాకపోతే కారులో ఐస్ పెట్టిన కూలర్ ఎండలో గంటన్నర మగ్గుతుందని గుర్తుంచుకోండి. గుడికి వెళ్ళేట్టయితే ఐస్ తర్వాత కొనండి.

పెట్రోలు, ఐస్, కట్టెలు అన్నీ లివర్‌మోర్‌లోనే. ఇంటి పెరట్లోని కట్టెలు తేవద్దు. ఓక్ చెట్లను చంపే పురుగులు, తెగుళ్ళు అలా కట్టెలతోనే ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి చేరుతున్నాయి. మైన్స్ రోడ్ మీదుగా డెల్ వాయే రోడ్ ఎక్కేలోపే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, మిమ్మల్ని కలవాల్సిన వాళ్ళకు సైట్ నంబరు మెసేజ్ పెట్టేయండి. కొండ దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. మలుపులు ఎక్కువ, సైకిళ్ళవాళ్ళూ ఎక్కువ, కారులో వాంతులయ్యే పిల్లలుంటే ముందే చూసుకోండి.

చేరగానే టెంట్

కారు దిగగానే టెంట్ సంచి విప్పొద్దు. ముందు తల పైకెత్తి చూడండి. ఇక్కడి ఓక్ చెట్లు ఎండాకాలంలో గాలి లేని రోజున కూడా హఠాత్తుగా కొమ్మలు విదిల్చేస్తాయి. గ్రే పైన్ చెట్టయితే దాని కాయ ఒక్కోటి పౌను దాకా తూగుతుంది, పొలుసులకు కొక్కేలుంటాయి. కాబట్టి నీడ పడే చోట టెంట్ వేయాలి గానీ, సరిగ్గా కొమ్మ కింద కాదు. ఈ రెండిటికీ తేడా ఆరేడు అడుగులే.

తర్వాత నేల. రాళ్ళు, ఓక్ కాయలు కాలితో పక్కకు నెట్టి, అక్కడ ఒకసారి వెల్లకిలా పడుకోండి. తల ఎటు కాస్త ఎత్తుగా ఉందో ఒంటికి వెంటనే తెలుస్తుంది. నేల ఉడుతల బొరియలున్న చోట వద్దు. బొరియల్లో పాములుండొచ్చు, ఉడుతల ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగులు (ఫ్లీస్) ఉండొచ్చు.

అడుగు పట్టాను టెంట్ కొలత కంటే రెండు అంగుళాలు లోపలికి మడవండి. బయటికి కనిపిస్తే రాత్రి పడ్డ మంచు దాని మీద నుంచి జారి టెంట్ కిందికి చేరుతుంది. సరస్సు పక్కన ఎండాకాలంలోనూ తెల్లవారే సరికి కాస్త తేమ పడుతుంది.

ఇక మేకులు. నేల పైపొర ఇటుకలా ఉంటుంది, మేకు అంగుళం దిగి ఆగిపోతుంది. అప్పుడు గట్టిగా కొట్టడం మొదలెడితే మేకైనా వంగుతుంది, మణికట్టైనా నొస్తుంది. మేకు మొన ఆనిన చోట అరకప్పు నీళ్ళు పోసి, మిగతా మూలల్లోనూ అలాగే పోసి, పది నిమిషాలు కుర్చీలు దించుకోండి. తిరిగొచ్చేసరికి మట్టి నాని ఉంటుంది. మేకు తల టెంట్‌కు దూరంగా వాలేలా, 45 డిగ్రీల వాలులో దించండి. సాయంత్రానికి మట్టి మళ్ళీ బిగుసుకుని, మేకును పీకడానికి రెండో మేకు కావాలి.

గాలి మధ్యాహ్నం దాటాక లేస్తుంది. పొద్దున్నే చేరినవాళ్ళు ఇంత ప్రశాంతంగా ఉందే అని పక్క తాళ్ళు కట్టరు. నాలుగింటికి టెంట్ ఒక పక్కకు ఒరుగుతుంది. తాళ్ళన్నీ మొదటే కట్టేయండి, వాటికి తెల్లటి గుడ్డ పేలికలు వేలాడదీయండి, చీకట్లో పిల్లలు తట్టుకుని పడరు.

వంట

పొయ్యిని పిక్నిక్ బల్ల మీద, గాలికి అడ్డం కూలర్‌నో పెట్టెనో పెట్టి వెలిగించండి. టెంట్‌లో గానీ దాని వాకిట్లో గానీ వద్దు. బొగ్గుల కుంపటి వెచ్చదనానికని టెంట్‌లో పెట్టుకోవడం మరీ ప్రమాదం, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

దోసెల పిండి తేవాలనుకునేవాళ్ళకు ఒక మాట. 95 డిగ్రీల్లో కారు డిక్కీలో రెండు గంటలున్న పిండి డబ్బా మూత తన్నేసి కూలరంతా పొంగుతుంది. పిండిని గట్టిగా గడ్డకట్టించి, డబ్బా సగం మాత్రమే నింపి, ఐస్ కింద పెట్టండి. లేదా ఆ ఆశ వదిలేయండి. ఇంట్లోనే పోపు వేసి వేయించిన ఉప్మా రవ్వ జిప్‌లాక్ సంచిలో వేసుకుంటే మరిగిన నీళ్ళు పోయడమే మిగులుతుంది. మొదటి పూటకు పులిహోర, రాత్రికి గడ్డకట్టించిన చికెన్ కూర (అదే సాయంత్రం దాకా ఐస్ పని కూడా చేస్తుంది), పొద్దున ఉప్మా, ఆవకాయ. మొక్కజొన్న పొత్తులు ఎలాగూ ఉంటాయి. తాగే సీసాలకు వేరే కూలర్ పెట్టండి. ఊరికే మూత తెరిచేది దాన్నే కాబట్టి కూరలున్న కూలర్‌లో ఐస్ రెండో రోజు దాకా నిలుస్తుంది.

బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు పొదల్లో పారబోయొద్దు. చెంబులో పట్టి, క్యాంప్‌గ్రౌండ్‌లో వాడిన నీళ్ళకు చూపించిన చోటే పోయండి. మెతుకు కనిపిస్తే చాలు, కందిరీగలు పగలు వస్తాయి, రకూన్లు రాత్రి వస్తాయి. రకూన్‌కు మామూలు కూలర్ మూత తీయడం వచ్చు. తినుబండారాలన్నీ, నెయ్యి సీసాతో సహా, రాత్రి కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి. టెంట్‌లో బిస్కెట్ పొట్లం కూడా ఉంచొద్దు.

నిప్పు

ఇక్కడ నేను కాస్త మొండిగా మాట్లాడతాను. 2020 ఆగస్టులో పిడుగులు పడి ఈ డయాబ్లో కొండల్లో మొదలైన, ఎస్‌సీయూ అని పేరుపెట్టిన కార్చిచ్చు మంటలు దాదాపు 4 లక్షల ఎకరాలు కాల్చాయి. ఆ కొండల్లోనే మీరు అగ్గిపుల్ల గీస్తున్నారు.

వెళ్ళే రోజు పొద్దున్నే పార్క్ వెబ్‌సైట్‌లో నిప్పు నిబంధనలు చూడండి. ఎండాకాలంలో క్యాంప్‌ఫైర్లు, బొగ్గులు నిషేధించే రోజులుంటాయి. రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (మంటలు త్వరగా వ్యాపించే వాతావరణమని వచ్చే సూచన) ఉంటే గ్యాస్ పొయ్యి సంగతి కూడా అడిగి తెలుసుకోండి. శరదృతువులో ఈశాన్యం నుంచి పొడి గాలి వీచేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. పక్కవాళ్ళు వెలిగించారు కదా అన్నది కారణం కాదు.

అనుమతి ఉన్న రోజున కూడా ఇనుప వలయంలోనే మంట, చిన్నదిగా. పక్కన నిండు బకెట్ నీళ్ళు ముందే పెట్టుకోండి, మంట లేచాక కుళాయికి పరిగెత్తేది కాదు. నిద్రకు అరగంట ముందు ఆర్పడం మొదలుపెట్టాలి. నీళ్ళు పోయాలి, కర్రతో కలపాలి, మళ్ళీ పోయాలి, అరచేతి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే మళ్ళీ మొదటికి. మట్టి కప్పేసి ఆరిందనుకోవద్దు. లోపలి నిప్పు తెల్లారేదాకా బతుకుతుంది.

కారును ఎండుగడ్డి మీద నిలపొద్దు. సైలెన్సర్ దగ్గరి కెటలిటిక్ కన్వర్టర్ వేడికే గడ్డి అంటుకుంటుంది. కారు ముఖం రోడ్డు వైపు ఉండేలా పెట్టండి, తాళాలు ఎక్కడున్నాయో ఇద్దరికి తెలియాలి. లోయ నుంచి బయటికి దారి అంటే వచ్చిన ఆ కొండరోడ్డే. ఖాళీ చేయమంటే టెంట్ వదిలేసి మనుషులు కదలాలి.

నీళ్ళలోకి దిగేముందు

ఈ నీళ్ళు సౌత్ బే ఆక్విడక్ట్ అనే నీటి సరఫరా మార్గం ద్వారా లివర్‌మోర్, ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు ఇళ్ళకు వెళ్తాయి. అయినా ఈతకు అనుమతి ఉంది. వేడెక్కిన నెలల్లో విషం వదిలే నీలిహరిత నాచు పెరుగుతుంది. ఒడ్డున బోర్డు చూడండి. జాగ్రత్త, హెచ్చరిక, ప్రమాదం అని మూడు మెట్లుంటాయి. పెయింట్ పోసినట్టు పచ్చటి తెట్టె కనిపిస్తే బోర్డు లేకపోయినా దిగొద్దు. కుక్కను అసలే వదలొద్దు. ఆ నీళ్ళు నాకి కుక్కలు గంటల్లో చనిపోవచ్చు. మరిగిస్తే ఆ విషం పోదు, కాబట్టి సరస్సు నీళ్ళతో టీ పెట్టే ఆలోచన వద్దు.

మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా ఊరి చెరువులో నేర్చుకున్నదే. రిజర్వాయరు అడుగు చెరువులా మెల్లగా దిగదు, నాలుగడుగులు వేశాక ఉన్నట్టుండి లోతు. పైన వెచ్చగా ఉన్న నీళ్ళు మోకాలి కింద చల్లగా తగులుతాయి. లైఫ్‌గార్డ్ ఉండే బీచ్‌లోనే దిగండి. గాలి బొమ్మలు, ట్యూబులు గాలికి లోపలికి కొట్టుకుపోతాయి. పిల్లలకు కోస్ట్ గార్డ్ ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ కావాలి. కదిలే పడవలో 13 ఏళ్ళ లోపు పిల్లలకు అది చట్టం కూడా. పెద్దల్లో ఒకరు, ఫోను జేబులో పెట్టుకుని, పిల్లలనే చూస్తూ కూర్చోవాలి. అరగంటకొకరు మారండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నమాటే.

చేపలు పట్టేవాళ్ళకు 16 ఏళ్ళు నిండితే రాష్ట్ర లైసెన్స్‌తో పాటు పార్క్ రోజువారీ పర్మిట్ కూడా కావాలి. సొంత పడవ తెస్తే, పడవలకు అంటుకుని వ్యాపించే మస్సెల్ అనే గుల్లల కోసం తనిఖీ ఉంటుంది. లోపల తడి కనిపిస్తే వెనక్కి పంపుతారు.

నడక, పురుగూ పుట్రా

ఒడ్డు వెంబడి నడక పిల్లలకు చాలు. మురియెటా జలపాతం అని చూసి ఊగిపోవద్దు. ఆ దారి ఓలోనీ ట్రయల్ మీద రాకీ రిడ్జ్ ఎక్కి, విలియమ్స్ గల్చ్‌లోకి దిగి, మళ్ళీ ఎక్కాలి. రానూపోనూ దాదాపు 12 మైళ్ళు, పర్మిట్ తప్పనిసరి, ఎండాకాలంలో జలపాతంలో నీళ్ళుండవు. మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు వానలు పడ్డాక, మార్చిలో ప్రయత్నించండి.

పాయిజన్ ఓక్‌ను పిల్లలకు మొదటి గంటలోనే చూపించండి. మూడేసి ఆకులు, వసంతంలో మెరిసే పచ్చ, ఎండలు ముదిరాక ఎరుపు. చలికాలంలో ఉత్త కొమ్మలున్నా దురద తప్పదు. తగిలితే వీలైనంత త్వరగా సబ్బుతో కడగాలి. ఆ కొమ్మలు మంటలో వేస్తే పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ర్యాటిల్ స్నేక్ మన మీదికి రాదు, మనమే తొక్కుతాం. రాళ్ళ సందుల్లో, కట్టెల కుప్ప కింద చూడకుండా చెయ్యి పెట్టొద్దు. కాటేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కదలకుండా ఉంచి, 911. సిగ్నల్ లేకపోతే ఒకరు గేటు దగ్గరి కియాస్క్‌కు పరిగెత్తాలి. గడ్డిలో తిరిగొచ్చిన పిల్లలకు చెవుల వెనక, చంకల్లో, నడుము పట్టీ కింద టిక్ పురుగుల కోసం చూడండి. కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్ల పెట్టడం వంటి చిట్కాలు వద్దు.

పొద్దున్నే సర్దుకోవడం

ఎండ టెంట్ మీద పడకముందే పరుపులు, బట్టలు బయటికి తీయండి. పైగుడ్డను మాత్రం ఎండ తగిలి తేమ ఆరేదాకా బల్ల మీద పరచండి. ఈలోగా కాఫీ. ఖాళీ అయిన ప్రొపేన్ సిలిండర్లు చెత్తడబ్బాలో వేయకూడదు, ఇంటికి తెచ్చి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వాలి. బల్ల కింద చిప్స్ ముక్కలు, కోడిగుడ్డు పెంకులు ఏరేయండి, మేకులు లెక్కపెట్టుకోండి. ఒక్కటి నేలలో ఉండిపోయినా తర్వాత వచ్చే పిల్లల కాలికి గుచ్చుకుంటుంది.

ఇంటికి చేరాక బూట్లు, సాక్సులు, నడకలో వేసుకున్న ప్యాంట్లు మిగతా బట్టలతో కలపకుండా వేడినీళ్ళలో వేయండి. పాయిజన్ ఓక్ నూనె బట్టల మీద నెలల తరబడి ఉంటుంది. టెంట్‌ను గరాజులో ఒక పూట ఆరబెట్టి, మేకుల మట్టి గీకి, సుత్తితో పాటు అదే సంచిలో పెట్టేయండి.